చిన్న పడవలనూ లెక్కలో రాయండి: విశాఖ తీర అధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం తీర భద్రత, ఓడరేవు, మత్స్య, పర్యాటక వ్యవహారాలు చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

విశాఖ తీరం వెంబడి సొంత పడవల్లో తిరిగేవాళ్లం రాస్తున్న లేఖ ఇది. మావి చాలావరకు ఇరవై అడుగుల లోపు ఫైబర్ పడవలు, వెనకాల ఒక ఔట్‌బోర్డు మోటారు. ఒంటరిగా వెళ్లం. నాలుగైదు పడవలు జతగా బయల్దేరి ఉత్తరాన రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి దాకా, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్‌ని దూరంగా చుట్టి, యారాడ, గంగవరం దాటి పూడిమడక దాకా వెళ్లొస్తుంటాం. హార్బరు నుంచి భీమిలి సుమారు 15 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు), పూడిమడక 20 పైచిలుకు.

ఇందులో రాసినవన్నీ ఇదివరకు అర్జీలుగా ఇచ్చినవే. రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. ఒక బల్ల దగ్గర 'ఇది చేపల పడవ కాదు కదా' అన్నారు. ఇంకో బల్ల దగ్గర 'ఇది ఓడ కాదు కదా' అన్నారు. మూడోచోట 'టికెట్లు అమ్మే టూరిస్టు బోటైతే చెప్పండి, చూద్దాం' అన్నారు. మూడూ కాని పడవ ఒకటుందని, అది ప్రతి ఆదివారం సముద్రంలోకి వెళ్తోందని ఏ ఫైల్లోనూ లేదు. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

మెరీనా కట్టమని, క్లబ్బు హౌసు ఇమ్మని అడగడం లేదు. మేం వెళ్లిన సంగతి, తిరిగొచ్చిన సంగతి ఒకచోట రాసుకోండి. పడవ దించడానికి ఒక వాలు, ఇంజనుకు పనికొచ్చే పెట్రోలు, రావద్దన్న చోట్ల పటం ఇవ్వండి. ఇవి లేకపోతే నష్టపోయేది మేమొక్కళ్లమే అయితే ఈ లేఖ ఇంత పొడుగు రాసేవాళ్లం కాదు. ఎవరెవరి మీద పడుతోందో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. బయల్దేరినప్పుడూ తిరిగొచ్చినప్పుడూ పేరు రాసుకునే చోటు

అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే. పైసా ఖర్చు లేనిది కూడా ఇదే.

ఇంజను ఆగిన పడవ ఆగినచోట ఉండదు. మన తీరంలో ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఉత్తరానికి లాగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. దానికి తోడు గాలి. మన దగ్గర చాలాచోట్ల లంగరు పనిచెయ్యాలంటే లోతుకు కనీసం ఐదింతల తాడు వదలాలి. పదిహేను మీటర్ల లోతులో 75 మీటర్ల తాడన్నమాట. అంత తాడు అందరి దగ్గరా ఉండదు. గంటకు ఒక్క నాటికల్ మైలు చొప్పున కొట్టుకుపోయిందనుకుందాం. ఏ వైపు పోయిందో తెలియని పడవ కోసం రెండు గంటల్లో వెతకడం మొదలుపెడితే 12, 13 చదరపు నాటికల్ మైళ్ల నీళ్లు గాలించాలి. ఎనిమిది గంటలు ఆలస్యమైతే రెండు వందల చదరపు నాటికల్ మైళ్లు. ఆలస్యం నాలుగింతలైతే వెతకాల్సిన చోటు పదహారింతలు. హెలికాప్టరు ఎంత మంచిదన్నది తర్వాతి మాట, ఎన్నింటికి చెప్పారన్నది ముందు మాట.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. చీకటిపడ్డాక కూడా మనిషి రాకపోతే ఇంట్లోవాళ్లు ఎనిమిదింటి దాకా ఎదురుచూసి, తెలిసిన జాలరికి ఫోను చేస్తారు. ఆయన తన పడవలో తన డీజిలు పోసుకుని, మర్నాటి వేట మానుకుని వెతకడానికి వెళ్తాడు. ఎందుకు వెళ్తాడంటే, వెళ్లకుండా ఉండలేడు గనక. ఆ డీజిలు డబ్బులు, పోయిన వేట ఎవరి పద్దులోనూ ఉండవు.

కావాల్సింది: చేపల రేవు దగ్గర, రుషికొండలో, భీమిలిలో ఒక్కో బల్ల, లేదంటే మూడింటికీ కలిపి ఒకే ఫోను నంబరు, దాని మీద వాట్సాప్. తెల్లవారుజామున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా మనిషి ఉండాలి. ఒక పేజీ ఫారం చాలు: పడవ పేరు, రంగు, పొడవు, మోటారు ఎన్ని గుర్రాలది (హెచ్‌పీ), పెట్రోలు ఎన్ని లీటర్లు, మనుషులెందరు, పిల్లలెందరు, లైఫ్ జాకెట్లెన్ని, ఏ దారి, జతగా వెళ్తున్న పడవలేవి, ఎన్నింటికి తిరిగొస్తామన్నారు, ఒడ్డున ఎవరికి ఫోను చెయ్యాలి. పడవ ఫొటో ఒకటి. తిరిగొచ్చాక 'చేరాం' అని ఒక్క మెసేజ్ పెడితే ఫారం మూత. చెప్పిన టైముకు గంట దాటితే బల్ల దగ్గరున్నవాళ్లు ఫోను చెయ్యాలి, రెండు గంటలు దాటితే కోస్ట్ గార్డు 1554కు, తీర పోలీసుల 1093కు చేరవెయ్యాలి. 'చేరాం' అని చెప్పడం మరిచిపోయి అందర్నీ పరుగులు పెట్టించినవాళ్లకు జరిమానా వెయ్యండి, మాకు అభ్యంతరం లేదు. మాలో అలాంటివాళ్లు ఉన్నారు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాకే రాష్ట్రంలో బోటింగు కంట్రోల్ రూముల మాట వచ్చింది. సముద్రం విషయంలోనూ చేతులు కాలేదాకా ఆగొద్దు.

2. రిజిస్ట్రేషన్ ఏ గుమ్మంలో?

2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రధానంగా నదులు, కాలువల పడవల కోసం. చేపల పడవలకు మత్స్య శాఖ నంబరు ఉంది. సముద్రంలో తిరిగే సొంత పడవకు పత్రం ఎవరిస్తారో, సర్వే ఎవరు చేస్తారో విశాఖలో ఒక బోర్డు మీద కూడా రాసి లేదు. నంబరు లేని పడవకు బీమా దొరకదు, రేడియో లైసెన్సు రాదు, తీరంలో ఆపిన పోలీసుకు చూపించడానికి కాగితం ఉండదు. 2008 ముంబై దాడుల తర్వాత తీరంలో ప్రతి పడవనూ గుర్తించాలని దేశమంతా అనుకున్నదే. నంబరిమ్మని మేమే అడుగుతుంటే ఇచ్చే గుమ్మం కనిపించకపోవడం విడ్డూరం. ఒక శాఖను తేల్చి, ఫీజు, కావాల్సిన కాగితాలు, గడువు తెలుగులో ప్రకటించండి.

3. పడవ దించే వాలు

ఇవాళ చిన్న పడవ నీళ్లలోకి దిగాలంటే ఇసుక మీద నుంచి పదిమంది తొయ్యాలి. అలలు విరిగే చోట ముక్కు సముద్రం వైపే నిలబడాలి. కాస్త అడ్డం తిరిగితే తర్వాతి కెరటం పల్టీ కొట్టిస్తుంది. పడవ లేచి పడ్డప్పుడు దాని అడుగున నలిగేది తోసేవాళ్ల పాదాలు. వాళ్లు రోజుకూలీకి వచ్చిన కుర్రాళ్లు. దెబ్బ తగిలితే ఆ వారమంతా కూలి పోయినట్టే.

కాంక్రీటు వాలు కట్టడం పెద్ద విద్య కాదుగానీ కొలత తప్పితే దండగే. ఎనిమిది అడుగులకు ఒక అడుగు చొప్పున దిగాలి. అంతకంటే చదునైతే పడవ తేలేలోపు లాగే బండి చక్రాలు, బేరింగులు ఉప్పునీళ్లలో మునుగుతాయి. అంతకంటే నిటారైతే పాచి పట్టిన కాంక్రీటు మీద బండే జారి నీళ్లలోకి పోతుంది. వాలుకు అడ్డంగా గాడులు తియ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, వాలు చివర ఆటు సమయంలో ఉండే నీటి మట్టానికి కనీసం ఒక మీటరు కిందికి వెళ్లాలి. ఒడ్డునే ఆపేస్తే ట్రైలరు చక్రం చివరంచు దిగి ఇరుక్కుంటుంది, అక్కడే ఇరుసు విరుగుతుంది. ఒక వరసకు నాలుగైదు మీటర్ల వెడల్పు చాలు.

విశాఖలో పెద్ద పోటు రోజుల్లోనూ ఆటుపోట్ల తేడా దాదాపు ఒకటిన్నర మీటరే కాబట్టి తేలే జెట్టీ సులువుగా నడుస్తుంది. కానీ కెరటం నేరుగా కొట్టని చోట పెట్టాలి. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచిలో తేలే వంతెన ప్రారంభించిన మర్నాడే అందులో ఒక భాగం విడిపోయి ఉండటం నగరమంతా చూసింది. కావాలనే విడదీశామని అప్పట్లో వివరణ ఇచ్చారు. ఏదైనా, తెరిచిన బీచి తేలే కట్టడానికి తగిన చోటు కాదన్నది ఇక్కడ వల లాగే ఎవర్ని అడిగినా చెబుతారు. కెరటాలను ఆపే గోడల వెనక ఉన్న నీళ్లలోనో, భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే మొగ లోపలో పెట్టండి.

చేపల రేవులో జాలర్ల చోటు మాకు ఇమ్మనడం లేదు. అక్కడ మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని కట్టేస్తారు, జాగా లేదు గనక. 2023 నవంబరు 19 రాత్రి ఒక పడవకు అంటుకున్న మంట పక్కవాటికి పాకి పదుల కొద్దీ పడవలు బూడిదయ్యాయంటే, ఆ ఇరుకు కూడా ఒక కారణమే. లోపల డీజిలు, గ్యాస్ సిలిండర్లు. ఆ వరసలోకి మా పెట్రోలు ట్యాంకులు కూడా తెచ్చి పెట్టడం ఎవరికీ మంచిది కాదు. వేరుగా ఇరవై పడవలకు చోటు, పడవకూ పడవకూ మధ్య ఖాళీ, కట్టేసిన పడవలో పొయ్యి వెలిగించకూడదన్న నియమం, పౌడరు అగ్నిమాపకాలు పెట్టిన ఒక స్టాండు ఉంటే చాలు.

4. పెట్రోలు

ఈ విషయం మీద ఎక్కువ రాస్తున్నాం. సముద్రం మధ్యలో ఇంజను ఆగడానికి ఇప్పుడు మొదటి కారణంగా మాకు కనిపిస్తున్నది ఇదే. పైగా ఇది మా ఒక్కళ్ల బాధ కాదు, పెట్రోలు మోటారు పెట్టుకుని వేటకెళ్లే ప్రతి ఫైబర్ తెప్పదీ.

బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. కార్లకు సరిపడుతుందా లేదా అన్న వాదన అలా ఉంచుదాం. కారు ట్యాంకు బిగించి ఉంటుంది, వారం పది రోజుల్లో ఖాళీ అవుతుంది. పడవ ట్యాంకు మూతకు గాలి పీల్చే రంధ్రం ఉంటుంది. అది సగం ఖాళీగా, నెలల తరబడి సముద్రపు తేమలో పడి ఉంటుంది. ఇథనాల్‌కు నీళ్లను పీల్చుకునే గుణం ఉంది. పట్టినంత పీల్చుకుంటుంది. ఆపైన ఒక రాత్రి చల్లబడితే చాలు, పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. గాజు సీసాలోకి పట్టి ఎండలో చూడండి: పైన పసుపు, కింద కాస్త మసకగా ఇంకో ద్రవం, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా ఒక అంచు. ఇంజనుకు ఇంధనం లాగే గొట్టం మునిగి ఉండేది ఆ కింది పొరలోనే.

దాంతో ఏమవుతుందంటే, కార్బ్యురేటరులో మిగిలిన మంచి పెట్రోలుతో ఇంజను ఒడ్డున చక్కగా స్టార్టవుతుంది. కాసేపు పరిగెత్తుతుంది. అలలు దాటి బయటికొచ్చాక దగ్గుతూ ఆగిపోతుంది. రెండు స్ట్రోకుల మోటారైతే ఇంకా చేటు. అందులో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలుపుతాం. ఆ ఆయిలు పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది. కింది పొరతో నడిచిన ఇంజనుకు జిడ్డు అందక పిస్టను గీసుకుపోతుంది, ఒక్కోసారి పట్టేస్తుంది. ఔట్‌బోర్డు మోటార్ల మాన్యువళ్లు తీసి చూడండి, ఎక్కువ వాటిలో పది శాతం ఇథనాల్ దాకానే ఒప్పుకుంటారు. పాత రబ్బరు గొట్టాలు, చేత్తో నొక్కే పంపు బుడగ మెత్తబడి, లోపలి పొర రేకులుగా ఊడి కార్బ్యురేటరు సన్న రంధ్రాల్లో ఇరుక్కుంటుంది.

మా వంతు మేం చేస్తూనే ఉన్నాం. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య నీళ్లు వేరుచేసే పది మైక్రాన్ల ఫిల్టరు పెట్టుకుంటాం. కొన్న పెట్రోలు రెండు వారాల్లో కాల్చేస్తాం, మిగిలితే బైకులో పోస్తాం. పడవ నిలపాల్సి వస్తే కార్బ్యురేటరు గిన్నె ఖాళీ చేస్తాం. ఇవన్నీ జాగ్రత్తలే, మందు కాదు. రోజూ రాత్రి రెండింటికి వేటకు దిగే మనిషిని ఫిల్టరు గిన్నె విప్పి చూసుకోమనడం తేలిక, ఆ ఫిల్టరు అతని ఊళ్లో దొరకాలి కదా.

రెండో చిక్కు, మోసుకెళ్లడం. లైసెన్సు లేకుండా డబ్బాల్లో 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచుకోకూడదని నిబంధన. మంచి నిబంధనే. అయితే లెక్క చూడండి. 40 గుర్రాల మోటారు మధ్యస్థంగా తిప్పితే గంటకు 12 లీటర్ల దాకా తాగుతుంది. పదిహేను నాట్ల (గంటకు పదిహేను నాటికల్ మైళ్ల) వేగంతో భీమిలికి గంట, తిరిగి రావడానికి గంట, 24 లీటర్లు. వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఎదురుగాలికీ, ఆగిన పడవను లాగడానికీ ఇంకో వంతు అన్నది సముద్రంలో పాత నియమం. దాని ప్రకారం 36 లీటర్లు ఉండాలి. కాబట్టి జనం ఏం చేస్తున్నారు? మంచినీళ్ల ప్లాస్టిక్ క్యాన్లలో రెండు బంకుల్లో చెరికాస్త పట్టించుకుని, ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని బీచి రోడ్డు మీద వస్తున్నారు. ఆటో నడిపే మనిషికి ఆ క్యానులో ఏముందో కూడా చెప్పరు. లేదంటే మూడో వంతు మానేసి బయల్దేరుతున్నారు. రెండూ తప్పే.

కావాల్సింది: రేవు దగ్గర ఒక్క బంకులో, నంబరున్న పడవలకు మాత్రమే, ఇథనాల్ లేని పెట్రోలు లేదా పది శాతం మించని పెట్రోలు. ఇది కేంద్రం, చమురు కంపెనీలు తేల్చాల్సిన సంగతని తెలుసు. వాళ్లకు రాయాల్సింది మీరు. మా అర్జీకి అక్కడ విలువ లేదు, మీ ఉత్తరానికి ఉంటుంది.

5. రేడియో

ఒడ్డు నుంచి కొంత దూరం వెళ్లాక సెల్‌ఫోను సిగ్నలు పోతుంది. ఉన్నా, ఒక మనిషికే వినిపిస్తుంది. వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ చానెల్ మీద పిలిస్తే చుట్టుపక్కల ఓడలు, కోస్ట్ గార్డు, పక్క పడవ అందరూ వింటారు. చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్టు చిన్న పడవ నుంచి నాలుగైదు మైళ్లు అందుతుంది. కర్రకు ఏరియలు కట్టి 25 వాట్ల సెట్టు పెడితే అంతకు రెండు మూడింతలు. దీనికి టెలికాం శాఖ లైసెన్సు కావాలి. లైసెన్సుకు పడవ రిజిస్ట్రేషన్ అడుగుతారు. రిజిస్ట్రేషన్ సంగతి రెండో అంశంలో చెప్పాం. ఈ ముడి విప్పండి. ఏడాదికి రెండుసార్లు ఒక పూట తరగతి పెడితే సెట్టు వాడే పద్ధతి నేర్చుకుంటాం. ముప్పై మందిని కూర్చోబెట్టే బాధ్యత మాది.

దీనితోపాటే వాతావరణం. తుపాను హెచ్చరికల కేంద్రం విశాఖలోనే ఉంది, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ కెరటాల అంచనాలు ఇస్తుంది. అవి రుషికొండ, భీమిలి రేవుల్లో బోర్డు మీద కనిపించాలి. కెరటం ఎత్తు ఒక్కటే రాస్తే చాలదు, కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో కూడా రాయాలి. ఆరు సెకన్ల మీటరు కెరటం ఒళ్లు కుదిపి వదిలేస్తుంది. పద్నాలుగు సెకన్ల మీటరు కెరటం ఎక్కడో దూరాన పుట్టి, ఇక్కడ ఎండ కాస్తుండగా వచ్చి, ఇసుక మేట మీద రెండింతలు లేచి విరుగుతుంది. ఆకాశం చూసి బయల్దేరే కొత్తవాళ్లు బోల్తా పడేది ఇలాంటి రోజునే.

6. రావద్దన్న చోట్ల పటం

నౌకాదళం ఉన్న ఊరు ఇది. నిషిద్ధ జలాల్లోకి రావాలని మాకు లేదు. అక్కడ ఏముందో చెప్పమనడం లేదు, ఎక్కడిదాకా రావచ్చో చెప్పండి చాలు. అక్షాంశ రేఖాంశాలతో ఒక గీత, ఫోను జీపీఎస్‌లో వేసుకునేలా. కాల్పుల అభ్యాసాల ప్రకటనలు డెహ్రాడూన్‌లోని నౌకాదళ జలపటాల కార్యాలయం నుంచి వెలువడే హెచ్చరికల్లో ఇంగ్లీషులో ఉంటాయి. జాలరిపేటలో ఎవరు చదువుతారు? వాటిని తెలుగులో, ముందురోజు సాయంత్రమే చెప్పాలి.

ఓడల దారి దాటడం గురించి కూడా ఒక మాట. 20 మీటర్ల లోపు పడవ ఇరుకు దారిలో వచ్చే ఓడకు అడ్డు రాకూడదన్నది అంతర్జాతీయ నియమం. నిండు సరుకుతో ఉన్న ఓడ ఆగాలంటే మైలు పైన పడుతుంది. దాని ముక్కు ముందు కొన్ని వందల మీటర్ల మేర పైనున్న కెప్టెనుకు ఏమీ కనిపించదు. మేం దాటేటప్పుడు వరసకట్టి ఒకదాని వెనక ఒకటి వెళ్లం, అలా వెళ్తే అరకిలోమీటరు బారు తోక అవుతుంది. అందరం ఒకచోట గుమిగూడి, దారికి అడ్డంగా నేరుగా, ఒకే వేగంతో దాటుతాం. ఓడ ఎప్పుడు వస్తుందో ముందే తెలిస్తే అరగంట ఆగుతాం. ఆ రోజు వచ్చే పోయే ఓడల టైములు రేవు బోర్డు మీద రాస్తే సరిపోతుంది.

7. వలలు

ఈ విషయంలో ఫిర్యాదు మా మీద రావాల్సింది, మేమే ముందు చెబుతున్నాం. ఒడ్డుకు దగ్గర్లో వేసిన వలకు గుర్తుగా థర్మకోల్ ముక్కో, ఖాళీ సీసానో తేలుతుంటుంది. ఎండ ఎదురుగా కొడుతుంటే అది కనిపించదు. మోటారు వల మీదుగా పోతే వల తెగుతుంది. జాలరికి అది నెల రోజుల తిండి. చేపల గుంపును చుట్టేసే రింగు వలల గొడవలతో ఇప్పటికే నలిగిన తీరం ఇది, ఇంకో తగాదా అక్కర్లేదు.

వల చుట్టుకుంటే చెయ్యాల్సిన పద్ధతి ఉంది. ఇంజను ఆపి, అది మళ్లీ స్టార్టవకుండా కిల్ స్విచ్చి తాడు లాగేయాలి. మోటారు పైకెత్తి, ప్రొపెల్లరును న్యూట్రల్లో చేత్తో వెనక్కి తిప్పుతూ వల విప్పాలి. రివర్సు వేసి ఊడగొడదామనుకుంటే ఇంకా బిగుస్తుంది. కొయ్యక తప్పకపోతే ఒక్కచోటే కోసి, రెండు కొసలూ ముడేసి వదలాలి. ఒడ్డుకొచ్చాక ప్రొపెల్లరు విప్పి చూడకపోతే, వెనకాల చుట్టుకున్న సన్న నైలాను దారం సీలును కోస్తుంది. గేరు ఆయిలు పాల రంగులోకి మారిందంటే నీళ్లు దిగినట్టే. ఇది చూసుకోనివాడికి గేర్‌బాక్సు ఖర్చు పడుతుంది, అది వాడి ఖర్మ. వల పోయిన మనిషి ఏం పాపం చేశాడు?

కావాల్సింది: జాలరి గ్రామాల పెద్దలను, మమ్మల్ని మీ సమక్షంలో కూర్చోబెట్టండి. వల రకాన్నిబట్టి నష్టపరిహారం ఎంతో అక్కడే తేల్చి రాసుకుందాం. మా నుంచి డిపాజిట్ కట్టించుకుని, వల కోసినట్టు తేలితే అందులోంచి ఇవ్వండి. జెండా కర్రలు, రాత్రి వెలిగే దీపపు బోయలు రాయితీ మీద ఇప్పించండి. రుషికొండలో స్నానాలు చేసేవాళ్ల మధ్య నుంచి జోరుగా దూసుకెళ్లే వాటర్ స్కూటర్లకు కూడా ఒక హద్దు కావాలి: ఒడ్డు నుంచి రెండు వందల మీటర్ల దాకా ఐదు నాట్లు మించకూడదు, ఆ హద్దుకు బోయలు వెయ్యాలి. ఈ నియమం మాకూ వర్తింపజెయ్యండి.

8. గోస్తని మొగ

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట ఇసుక మేట ప్రతి వరదకూ జరుగుతుంది. నిరుటి దారి ఈ ఏడు ఉండదు. పోటు పెరుగుతున్నప్పుడు మాత్రమే లోపలికి రావాలి, కెరటం వీపున ఉండి దాని వేగంతోనే రావాలి, దాన్ని దాటి ముందుకు పోకూడదు. అనుభవం ఉన్న సరంగుకు ఇది తెలుసు. తొలిసారి వచ్చినవాడికి వెదురు గుర్తులైనా ఉండాలి. వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి లోతు కొలిచి గుర్తులు మార్చే పని భీమిలి జాలరి యువకులకు కూలి ఇచ్చి అప్పగించండి. వాళ్లకంటే బాగా కొలిచేవాళ్లు లేరు.

9. కాకినాడ కాలువ

విశాఖ నుంచి 70 నాటికల్ మైళ్ల పైన వెళ్తే కాకినాడ. అక్కణ్నుంచి కాలువలో ధవళేశ్వరం దాకా పడవ మీద పోవచ్చని కాగితం మీద ఉంది. 2008లో జాతీయ జలమార్గం-4గా ప్రకటించిన దారి. గుర్రపుడెక్క, కిందికి వేలాడే పైపులు, ఎత్తు రాసి లేని వంతెనలు. ఇది మీ ఒక్కరి పరిధి కాదు కాబట్టి ఒక్కటే అడుగుతాం: ప్రతి వంతెనకు నీటిమట్టం నుంచి ఎత్తు ఎంతో రంగుతో రాయించమని సంబంధిత శాఖకు చెప్పండి.

మా వైపు నుంచి రాతపూర్వకంగా ఇవ్వడానికి సిద్ధమైనవి ఇవి. పడవలో ఉన్న ప్రతి మనిషికీ వంద న్యూటన్ల తేల్చే బలం ఉన్న లైఫ్ జాకెట్. పిల్లలకు బరువునుబట్టి, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది. సీటు కింద పెట్టుకోవడం కాదు, ఒంటి మీద. కనీసం రెండు పడవలు లేకుండా సముద్రంలోకి వెళ్లం. జతలో నిదానంగా పోయే పడవ వేగమే అందరి వేగం, దారి తెలిసినవాడు ముందు, మెకానిక్కు చెయ్యి ఉన్నవాడు చివర. ప్రతి పడవలో 12 మిల్లీమీటర్ల నైలాను మోకు 30 మీటర్లు. ఆగిన పడవను ముక్కు దగ్గరి కొక్కేనికే కట్టి లాగుతాం, రెయిలింగుకు కాదు, నాలుగు నాట్లు మించకుండా. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఎవరూ దిగరు. సంధ్య వేళ దాటాక ఎర్ర, పచ్చ, తెల్ల దీపాలు లేని పడవ మా జతలో ఉండదు. వీటిలో ఏది తప్పినా ఆ పడవ నంబరు రద్దు చెయ్యండి.

గడువుల సంగతి. ఒకటో అంశానికి, ఆరో అంశంలోని పటానికి నెల రోజులు చాలునని మా అంచనా, బడ్జెట్టు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఏ శాఖదో తేల్చడానికి మూడు నెలలు. వలల మీద సమావేశానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం అనువైన కాలం. అప్పుడు మరపడవల వాళ్లంతా ఒడ్డునే ఉంటారు. వాలు, జెట్టీ పనులకు చోటు చూడటం నైరుతి తగ్గాక మొదలుపెట్టి, డిసెంబరు నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లో కట్టవచ్చు. పెట్రోలు విషయంలో మీరు పైకి రాసిన ఉత్తరం నకలు మాకు ఇస్తే, ఆపైన తిరగాల్సిన తిరుగుడు మేం తిరుగుతాం.

నమూనా ఫారం, వాలు కొలతల బొమ్మ, పెట్రోలు పొరలు విడిపోయిన సీసా ఫొటో ఈ లేఖకు జత చేశాం. సమావేశానికి ఏ రోజు పిలిచినా వస్తాం. వాయిదా వేస్తే ఎందుకో ఒక ముక్క రాసి పంపండి.

ఇట్లు,
విశాఖ తీరంలో చిన్న పడవలు నడుపుకునేవాళ్లం

ప్రతులు: జాలరి గ్రామాల పెద్దలకు, మరపడవల యజమానులకు, పత్రికలకు